గల్లాపెట్టెకు అవతలి దిక్కు



ఎండాకాలం సెలవుల్లో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా తిరిగి రావాలనుకుంటున్న కొందరు విద్యార్థులు ఫోన్ చేశారు. "అన్నా, కుంటాల, పొచ్చెర మాకు ఎరుకే. దారిల ఆగి చూడదగ్గ దుకాణాలు ఏమన్న ఉంటే చెప్పు" అన్నారు. మంచి ప్రశ్న. జలపాతం ఎవరు పోయినా ఒకటే తీరుగా దుంకుతుంది. దుకాణం అట్లా కాదు. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు బయటే ఆగిపోయారు అన్నది అక్కడ కనిపిస్తుంది. చెప్తాను. దానికంటే ముందు 1948 నవంబర్ 29 దాకా ఒకసారి పోయి రావాలి.

ఆ రోజు రాజ్యాంగ సభలో ఇప్పటి 15వ ఆర్టికల్ మీద చర్చ నడిచింది. దాని రెండో క్లాజు తీసి చదవండి. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వరుసగా ఉంటాయి. ఆ వరుసలో మొట్టమొదటి మాట దుకాణం. అసలు దుకాణం అంటే ఏమిటని సభలో ప్రశ్న వచ్చింది. బాబాసాహెబ్ చాలా విశాలమైన అర్థం చెప్పారు. అడిగినవాళ్ళకు సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్న చోటల్లా దుకాణమే. గడప దాటనిస్తే సరిపోదు, సేవ కూడా చేయాలి. అంటరానితనాన్ని రద్దు చేసే ఆర్టికల్‌ను కూడా సభ అదే రోజు ఆమోదించింది.

ఆ అవమానం మాకు బాగా తెలుసు. మా చిన్నప్పుడు ఊరి కిరాణంలో మా అవ్వకు చిల్లర ఇయ్యాల్సి వస్తే చేతికి ఇచ్చేవాళ్ళు కాదు, పైనుంచి రాల్చేవాళ్ళు. పైసలు మట్టిలో పడితే ఏరుకోవాలి. అది రాజ్యాంగం వచ్చి ముప్పై ఏళ్ళు దాటినంక ముచ్చట.

అయితే దుకాణానికి ఇంకో దిక్కు ఉంది. గల్లాపెట్టె ఉండే దిక్కు. అంబేద్కర్‌కు అది కూడా అనుభవమే. బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చాక షేర్లు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే ఆఫీసు పెట్టారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషి. సలహా చెప్పేవాడి కులం తెలిసేసరికి గిరాకీ ఆగిపోయింది. 15వ ఆర్టికల్ మనకు ఇవతలి దిక్కు తలుపు తెరిచింది. అవతలి దిక్కు మనం కూర్చుంటే వచ్చి కొనుమని ఏ చట్టమూ గిరాకీకి చెప్పలేదు. కాబట్టి ఈ ప్రయాణంలో ఏ దుకాణంలో ఆగినా, ధర అడిగేముందు గల్లాపెట్టె వెనక ఎవరున్నారో చూడండి.

ముందు కరీంనగర్. ఇక్కడి వెండి తీగ పని చూడకుండా పోవద్దు. దారమంత సన్నగా లాగిన వెండి తీగలను రెండేసి మెలిపెట్టి, చదును చేసి, చుట్టలు చుట్టి, చట్రంలో పేర్చి, వెలిగారం వేసి అతుకుతారు. పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు, తాంబాళాలు, చార్మినార్ బొమ్మలు చేస్తారు. నవాబుల కాలంలో ఎలగందుల దిక్కు నుంచి ఎదిగిన పని, ఎక్కువగా అవుసల ఇండ్లది. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జీ-20 సమావేశాల అతిథులకు అశోకచక్రం బ్యాడ్జీలు ఈ తీగతోనే చేశారు. చేసేవాళ్ళు సంఘం పెట్టుకుని తామే అమ్ముకోవడం వల్ల ఈ పని బతికింది. కొనే స్థోమత లేకున్నా పోయి చూడండి, పని చేసేచోట కూర్చోనిస్తారు.

అక్కడి నుంచి బయటికి వచ్చినంక బస్టాండు దిక్కు నడవండి. గోడకు ఆనుకుని, గొడుగు కింద, ఒక చెక్కపెట్టె ముందర మనోళ్ళు కూర్చుని ఉంటారు. దాన్ని ఎవరూ దుకాణం అనరు. బాబాసాహెబ్ చెప్పిన అర్థంలో మాత్రం అది అచ్చంగా దుకాణమే. పెట్టెలో ఆరె, రంపె, దారం, మైనం ఉంటాయి. చెప్పు కుట్టించుకుంటూ ఒక పెద్దమనిషిని అడిగిన, "బాపూ, కొత్త చెప్పులు చేస్తలేవా?" అని. "చేస్తే ఎవలు కొంటరు బిడ్డా? తెగినయి కుట్టుడే" అన్నాడు.

తోలు పని ఈ నేల మీద అన్నిటికంటే పాత కార్ఖానా. లందలో తోలును సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనడం ఒక రసాయన శాస్త్రం. మోటబొక్కెన లేకుంటే బావి కింద మడి పారదు. పలుపు, వార్లు లేకుంటే ఎద్దు కదలదు. ఇంత సరుకు తయారు చేసిన మాదిగలకు దుకాణం ఎందుకు లేదు? సరుకుకు ధర ఉంటేనే దుకాణం ఉంటుంది. నిజాం కాలపు వెట్టిలో దొరకు, పటేలుకు చెప్పులు, బొక్కెన, వార్లు ఊకెనే ఇయ్యాలి. మిగతా రైతులు కళ్ళంలో ఇంత గింజలు కొలిచేవాళ్ళు. పైసకు అమ్మే హక్కే లేనివాడికి గల్లాపెట్టె ఎక్కడిది? అవతల పచ్చితోళ్ళు వ్యాపారుల చేతుల మీదుగా మద్రాసు కార్ఖానాలకు పోయాయి. కరెంటు మోటర్లు వచ్చి మోటబొక్కెనను మింగాయి, ప్లాస్టిక్ వచ్చి కిర్రుచెప్పులను మింగింది. తోలు కులాల కోసం 1973లో పెట్టిన లిడ్‌క్యాప్ ఉంది. లెదర్ పార్కు అనుకున్న ఊర్లలో మన చొప్పదండి దగ్గరి రుక్మాపూర్ కూడా ఉంది. ఇన్ని చేతిపనులకు గుర్తింపు తెచ్చుకున్న ఈ ప్రాంతంలో కిర్రుచెప్పుకు ఒక షోరూమ్ చూపించండి నాకు.

హుజూరాబాద్ కూడా ఈ జిల్లాలోదే. 2021 ఆగస్టు 16న శాలపల్లిలో దళితబంధు మొదలుపెట్టారు, కుటుంబానికి పది లక్షలు. ఉప ఎన్నిక కోసమే అన్నది అందరికీ తెలుసు. ఆ లెక్క పక్కన పెడదాం. నేను తిరిగిన ఊర్లలో చాలామంది కారో, ట్రాక్టరో తీసుకున్నారు. ఆలోచన లేక తీసుకున్నారని కొందరు మేధావులు ఎక్కిరించారు. ఆలోచించే తీసుకున్నారు. కిరాయి కారు ఎక్కేవాడు డ్రైవర్ కులం అడగడు. టీ హోటల్ పెడితే, పాలకేంద్రం పెడితే అడుగుతాడు. మన చేతి చాయ్ ఊరు తాగదని తెలిసినవాడు చక్రాల మీద పెట్టుబడి పెట్టాడు. బొంబాయిలో అంబేద్కర్ ఆఫీసు మూతపడి వందేళ్ళు అయింది.

జగిత్యాల మీదుగా పోండి. 1978 సెప్టెంబర్ 7న ఇక్కడ జైత్రయాత్ర జరిగింది. వెట్టి బందు కావాలని పల్లెలన్నీ కదిలి వచ్చాయి. దొరలు కూలోళ్ళను వెలేస్తే, కూలోళ్ళు దొరలను వెలేశారు. దొరకు గడ్డం గీసేవాళ్ళు లేరు, బట్టలు పిండేవాళ్ళు లేరు, పశువులు కాసేవాళ్ళు లేరు. ఊరంతా ఒక్కసారి దుకాణం మూసినట్టు. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. సిరిసిల్ల మగ్గాల కథ పెద్దది, దానికి వేరే వ్యాసం కావాలి.

నిర్మల్‌లో సగం రోజు ఉంచుకోండి. పొనికి చెక్క బెండులాగా తేలిక. ముక్కలు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికించి, ఆరినంక రంగులు వేస్తారు. సీతాఫలం బొమ్మ చేతిలోకి తీసుకుంటే నిజమైందే అనుకుంటారు. నకాషీ కుటుంబాలు 1955లో సహకార సంఘం పెట్టుకున్నాయి. ముందు షోరూమ్, వెనక పని. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ ఎంపోరియంలో కొనేకంటే ఇక్కడ కొనండి. సంఘం అనగానే స్వర్గం కాదు. చెక్క అడవి నుంచి రావాలి, పొనికి చెట్లు తగ్గిపోతున్నాయి, పిల్లలు వేరే పనులు వెతుక్కుంటున్నారు. కానీ ధర ఎంతో చెప్పే నోరు వాళ్ళదే. ఆ నోరు మాదిగవాడకు ఏనాడూ దొరకలేదు.

ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు పోయే దారిలో ఇంద్రవెల్లి. సోమవారం పోతే అంగడి ఉంటుంది. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. గిరిజన రైతుకూలీ సంఘం పెట్టిన సభకు వస్తున్న ఆదివాసులూ అంగడికి వస్తున్న ఆదివాసులూ ఒకటే తొవ్వల మీద వచ్చారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది, జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. వాళ్ళు అడిగింది భూమి పట్టాలు, షావుకార్ల దోపిడీ ఆగడం. అడవి సరుకు తెచ్చి అగ్గువకు అమ్మి, ఉప్పూ బట్టా పిరానికి కొని, అప్పు కింద భూమి రాసిచ్చిన జనం వాళ్ళు. ఆ అంగడిలో తూకంరాళ్ళు ఎప్పుడూ అవతలి దిక్కువాడి చేతిలోనే ఉండేవి. తొలి స్తూపాన్ని 1986లో కూల్చేశారు, మరుసటి ఏడు మళ్ళీ కట్టారు. అక్కడ ఆగి నిలబడండి.

ఇంకా ముందుకు, జైనూరు దిక్కు ఉషేగాం వంటి ఊర్లలో ఓజాల ఇండ్లు ఉన్నాయి. మట్టి అచ్చు మీద తేనెమైనం తీగలు చుట్టి, మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. గోండు దేవతల మూర్తులు, గంటలు, గజ్జెలు వీళ్ళవే. 2018లో ఆదిలాబాద్ డోక్రాగా గుర్తింపు వచ్చింది. ఇక్కడ బోర్డు ఉండదు, కౌంటర్ ఉండదు, అరుగు మీదనే అమ్మకం. అడగకుండా ఫోటోలు తీయకండి, బేరం ఆడకండి. నగదు తీసుకుపోండి. పొద్దు గూకకముందే ఉట్నూరు చేరుకోండి.

వచ్చే వారం మోటబొక్కెన గురించి రాస్తాను. మీ ఇండ్లల్లో, అటకల మీద, తాతల కాలపు ఆరె, రంపె, గూటం ఏమన్నా మిగిలి ఉంటే ఫోటో తీసి పంపండి. వాటిని వాడిన మనిషి పేరు, ఊరి పేరు కూడా రాయండి.