వాలుజడ పతనం

పుట్టిన జుట్టు దేవుడి పాలయింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తిరుమల కల్యాణకట్టలో తీయించారు. భక్తుల తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది, పొడుగును బట్టి ధర. నావి అంగుళం కూడా లేవట, ఎవరి విగ్గుకీ పనికొచ్చి ఉండవు.

ఆ తర్వాత మొలిచింది మా అమ్మ సొత్తు. ఆదివారం వచ్చిందంటే పెరట్లో యాగమే. ఆముదం, కొబ్బరినూనె కలిపి మాడు మీద చరిచేది. కుంకుడుకాయలు చితక్కొట్టి వేణ్ణీళ్ళలో పిసికితే నురగ పొంగేది. ఆ రసం కళ్ళలో పడి కేకలు పెడితే నాయనమ్మ నా నోట్లో ఉప్పుకల్లు వేసేది. ఎలా తగ్గేదో గానీ మంట తగ్గేది. తడి జుట్టు గంప మీద పరిచి కింద సాంబ్రాణి పొగ. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు. ఒక వేసవిలో మల్లెమొగ్గలు కుట్టి పూలజడ వేసి స్టూడియోకి తీసుకెళ్ళారు. వెనక నిలువుటద్దం పెట్టి, మొహమూ జడా రెండూ పడేలా ఫోటో తీశాడాయన. అందులో నాకన్నా జడే బాగా పడింది. చుట్టాలకు నా పేరు గుర్తుండేది కాదు, జడపిల్ల అనేవారు. గర్వంగానే ఉండేది. నడుస్తుంటే నడుం మీద తగిలే ఆ బరువు ఇప్పటికీ ఒంటికి గుర్తే. కాకపోతే చిక్కు తీస్తే ఏడుపు, పేలదువ్వెన చూస్తే ఏడుపు. కాస్త కత్తిరించుకుంటానంటే ఇంటిల్లిపాదీ శోకాలు.

పదో తరగతి అయ్యాక ఇంటర్ హాస్టల్లో వేశారు. జడ వేసుకునే టైంలో ఒక చాప్టర్ చదవచ్చని అక్కడివాళ్ళ లెక్క. శోకాలు పెట్టిన ఇల్లే ఆ మాటకు తలూపింది. భుజాల దాకా కోసేశారు. నన్నెవరూ అడగలేదు. ర్యాంకు మాత్రం రాలేదు.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. భుజం నుంచి నడుం చేరాలంటే మూడు నాలుగేళ్ళు. ఈలోగా టైఫాయిడ్. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు దిండంతా వెంట్రుకలే. పెద్ద జ్వరం కుదిపితే పెరుగుతున్న వెంట్రుకలు ఒక్కసారిగా ఎదుగుదల ఆపేసి, తర్వాత మూకుమ్మడిగా ఊడతాయని డాక్టరు చెప్పాక గానీ గుండె కుదుటపడలేదు. అన్నట్టే మళ్ళీ వచ్చాయి. కడుపుతో ఉన్నప్పుడు నా జడ చివరి వైభవం చూసింది. హార్మోన్ల చలవతో రాలాల్సినవి కూడా ఆగుతాయి. కాన్పయిన మూడో నెల నుంచి ఆ బాకీ అంతా వడ్డీతో సహా వసూలైంది. స్నానాలగది జాలీలో, పాప గుప్పిట్లో, ఆఖరికి పప్పులో. ఈసారి పోయినవన్నీ తిరిగి రాలేదు. పాపిట వెడల్పయింది, జడ ఎలుకతోకయింది.

పెళ్ళిళ్ళకు సవరం పెట్టుకుంటాను. నామోషీ ఏం లేదు. కూచిపూడి భామాకలాపంలో తెర మీదుగా జడ వేసి సవాలు చేసే సత్యభామ వేషం తరతరాల పాటు మగవాళ్ళదే. ఆ వేషం కట్టిన వేదాంతం సత్యనారాయణశర్మ గారిదీ కట్టుడు జడే. తెలుగునాట అంత పేరుపడ్డ జడ మరొకటుందా?

దేవుడిది, అమ్మది, హాస్టలుది అయ్యాక, అచ్చంగా నాదంటూ చేతికొచ్చేసరికి పిడికెడు కూడా లేదు. నా బాధంతా అక్కడే. మీ ఇంట్లోనూ వాలుజడ పిల్ల ఉంటే, కత్తెర తీసే ముందు, నూనె సీసా తీసే ముందు కూడా, దాన్నోసారి అడగండి.