రెండు వేల గీత దాటాక

అది 2021 జూలై 20. అమెజాన్ గేమ్స్ తయారుచేసిన ‘న్యూ వరల్డ్’ ఆట క్లోజ్డ్ బీటా ఆ రోజే మొదలైంది. లోపలికి వెళ్లాలంటే సర్వర్ దగ్గర వరుసలో వేచి ఉండాలి. ఆటగాళ్లు మెనూ తెర చూస్తూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. కత్తి తీసిందీ లేదు, శత్రువు ఎదురైందీ లేదు.

ఆ వరుసలో ఉన్న కొందరి కంప్యూటర్లలో ఫ్యాన్లు ఒక్కసారిగా గోలపెట్టాయి. తెర నల్లబడింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా బొమ్మ రాలేదు. పోయినవి చవక గ్రాఫిక్స్ కార్డులు కావు. అందరికన్నా ఎక్కువగా గొంతెత్తినవాళ్లు ఈవీజీఏ కంపెనీ అమ్మిన ఆర్‌టీఎక్స్ 3090 కార్డుల యజమానులు. ఎన్విడియా 2020 సెప్టెంబరులో 1,499 డాలర్ల ధరకు తెచ్చిన కార్డు అది. 2,830 కోట్ల ట్రాన్సిస్టర్లు, 24 గిగాబైట్ల మెమరీ, 350 వాట్ల విద్యుత్ దాని లెక్క. ఆనాటి కొరతలో ఆ ధరకు దొరకడమే గగనం.

ఆట మొదలుకాకుండానే కార్డు ఎలా చస్తుంది?

మర్నాడే వేళ్లు అన్ని దిక్కులా లేచాయి. ఆటదే తప్పని కొందరు, కార్డుదే తప్పని కొందరు, ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడిపి, ఉంటారని ఇంకొందరు అన్నారు. తమ ఆట మామూలు డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలనే వాడుతోందని, ఆడుకోవడానికి భయం లేదని అమెజాన్ ప్రకటించింది. అలా అంటూనే మెనూలో ఫ్రేముల వేగానికి హద్దు పెడుతూ ప్యాచ్ వదిలింది. మెనూ బొమ్మ గీయడానికి పెద్ద పని ఉండదు. హద్దు లేకపోతే కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీస్తూ, పోటీ లేని పందెంలో ఒంటరిగా పరుగెత్తుతుంది. ఆ పరుగులో విద్యుత్ ప్రవాహం ఎగసి పడుతుంది.

అయితే అది సగం జవాబే. అదే మెనూ ముందు అదే తరం కార్డులు ఎన్నో క్షేమంగా నిలిచాయి. కొన్నే ఎందుకు పోయాయి?

పది నెలల ముందు

ఆ ప్రశ్న విప్పాలంటే 2020 సెప్టెంబరు 17కి వెళ్లాలి. ఆర్‌టీఎక్స్ 3080 అమ్మకానికి వచ్చిన రోజది. కొన్నవాళ్ల సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆట మధ్యలో ఉన్నట్టుండి మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపించేది. కార్డు వేగం దాదాపు 2,000 మెగాహెర్ట్జ్ గీతను దాటినప్పుడే ఇలా జరుగుతోందని గమనించారు.

ఆ గీతను చాలాచోట్ల మనిషి దాటించలేదు. కార్డే దాటింది. 2012లో జీటీఎక్స్ 680తో ఎన్విడియా ‘జీపీయూ బూస్ట్’ తెచ్చింది. అప్పటినుంచి వేడికీ విద్యుత్తుకూ వెసులుబాటు ఉన్నంతవరకు కార్డు తన వేగాన్ని తనే పెంచుకుంటోంది. అంటే మనం చెయ్యి పెట్టకముందే అంచుకు దగ్గరగా వెళ్లి నిలబడుతోంది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. మీరు కదిపే మీట సున్నా దగ్గర కనిపించినా, కార్డు అప్పటికే చాలా దూరం వెళ్లి ఉంటుంది.

జర్మనీకి చెందిన హార్డ్‌వేర్ పరిశోధకుడు ఇగోర్ వాలోసెక్ కార్డుల వీపు తిప్పి చూశాడు. చిప్ వెనక ఉన్న కెపాసిటర్లు ఒక్కో కంపెనీ కార్డులో ఒక్కో తీరుగా ఉన్నాయి. వీధి మోటారు ఆగినా ఇంట్లో కుళాయి ఆగకుండా చూసే మేడమీది ట్యాంకు లాంటివి అవి. చిప్‌కి కరెంటు అవసరం క్షణంలో వెయ్యో వంతు కన్నా వేగంగా మారిపోతుంటే, ఆ హెచ్చుతగ్గులను సర్దేది అవే. పెద్దవి ఆరే పెడితే నిలకడ చాలకపోవచ్చని, చిన్న సిరామిక్ కెపాసిటర్లు కలిస్తే మేలని ఆయన అనుమానం. భారీ ఉత్పత్తి సమయంలో తమ పరీక్షల్లో అచ్చంగా ఆరు పెద్ద కెపాసిటర్ల అమరిక నిలవలేదని, అందుకే అమరిక మార్చామని ఈవీజీఏ కూడా బయటపెట్టింది.

సెప్టెంబరు 28న ఎన్విడియా 456.55 డ్రైవర్ వదిలింది. క్రాష్‌లు చాలామందికి ఆగాయి. కొలిచి చూసినవాళ్లకు బూస్ట్ శిఖరాలు కాస్త తగ్గినట్టు కనిపించింది. ఆట వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొసన ఉన్న కొన్ని మెగాహెర్ట్జ్‌ను వదులుకుంటే నిలకడ వచ్చింది.

ఆ క్రాష్‌లతో అందరూ హడలిపోయారు. కానీ క్రాష్ అంటే కార్డు చావు కాదు. ఇచ్చిన వోల్టేజీకి ఆ వేగంలో చిప్ లెక్క తప్పిందని అర్థం. వేగం తగ్గిస్తే మళ్లీ సరిగా లెక్కిస్తుంది. ఆయువు తీసే శత్రువులు వేరు.

ఆయువు తినేవి

1960లలో మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ ఒక విషయం తేల్చాడు. సన్నని లోహపు తీగలో ఎక్కువ ప్రవాహం నడిస్తే, ఎలక్ట్రాన్ల తాకిడికి లోహపు అణువులే మెల్లగా జరిగిపోతాయి. ఒకచోట ఖాళీ ఏర్పడుతుంది, ఏదో ఒక రోజు తీగ తెగుతుంది. ఆయన సూత్రం ప్రకారం ప్రవాహ సాంద్రత రెట్టింపయితే ఆయువు నాలుగో వంతుకు పడిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ అరుగుదల ఇంకా ఉరుకుతుంది.

ఇందులో మెగాహెర్ట్జ్ అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నవి ప్రవాహం, వేడి. ఆ రెండింటినీ ఎగదోసేది వోల్టేజీ. చిప్ పని చేస్తూ వాడే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది గానీ, వోల్టేజీకి వర్గంగా పెరుగుతుంది. వేగం ఒక్కటే 10 శాతం పెంచితే విద్యుత్ 10 శాతం పెరుగుతుంది. దాంతోపాటు వోల్టేజీ కూడా 10 శాతం పెంచితే పెరుగుదల దాదాపు 33 శాతం. అదంతా వేడే.

మూడో శత్రువు టంకం మీద పడుతుంది. కార్డు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది. చిప్, బోర్డు, టంకం ఒకే కొలతలో సాగవు. రోజూ ఆ లాగుడికి టంకం అలసిపోతుంది. మొదటినుంచే సరిగా పట్టని టంకమైతే అలసిపోయేదాకా కూడా ఆగదు.

ఎక్స్‌రేలో కనిపించింది

ఈవీజీఏ పోయిన కార్డులను వెనక్కి రప్పించింది. అడిగినవాళ్లకు కొత్త కార్డు పంపుతూనే, దాదాపు రెండు డజన్ల పాత కార్డులను ఎక్స్‌రే తీసింది. 2021 సెప్టెంబరులో ఫలితం చెప్పింది. కార్డుకు కరెంటు మలిచి ఇచ్చే మాస్‌ఫెట్‌ల చుట్టూ టంకం పని నాసిరకంగా ఉంది. ఆ కార్డులన్నీ 2020లో తొలి విడతల్లో తయారైనవి. మొదట అనుమానం పడ్డ ఫ్యాన్ కంట్రోలర్ దోషి కాదని కూడా చెప్పింది.

బీటా నాటికే నెలల తరబడి ఆ లోపం కార్డులోనే ఉంది. మామూలు ఆటలకు ఓర్చుకుంది. హద్దులేని మెనూ కరెంటును ఎగసిపడేలా చేసినప్పుడు బయటపడింది.

ఓవర్‌క్లాక్ చేయదలచిన ప్రతి ఒక్కరూ ఈ గాథ నుంచి పట్టుకోవాల్సింది ఒకటుంది. మన కార్డులో టంకం ఎలా ఉందో చూడటానికి మనకు ఎక్స్‌రే లేదు. కాబట్టి అన్నీ బాగున్నాయన్న ధీమాతో చివరి అంచుదాకా వెళ్లకూడదు. అంచుకూ మనకూ మధ్య జాగా ఉంచాలి. ఆ జాగాయే ఆయువు.

జాగా ఉంచే పద్ధతి

ముందుగా వోల్టేజీ మీట ముట్టుకోకండి. బయోస్ మార్చి, బోర్డు మీద టంకం పెట్టి, సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉండే ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులు కొట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల కార్డు ఆ పరీక్ష ముగిసేదాకా బతికితే చాలు. మన కార్డు ఏళ్లు బతకాలి.

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ వేగాన్ని 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి. ప్రతి మెట్టు దగ్గరా మీరు నిజంగా ఆడే ఆటనే గంటసేపు నడపండి. 3డీమార్క్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌లోని టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ 20 సార్లు తిరుగుతుంది. ఫ్రేముల నిలకడ 97 శాతం దాటితేనే పాసైనట్టు. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, ఆట మూసుకుపోయినా అక్కడ ఆగి రెండు మెట్లు దిగండి. ఒక్క మెట్టు సరిపోతుంది కదా అనిపిస్తుంది. రెండోది ఆ కనిపించని టంకం కోసం.

మెమరీ దగ్గర కళ్లు మోసపోతాయి. ఆర్‌టీఎక్స్ 3080, 3090ల్లోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ తప్పును తనే పట్టి, ఆ సమాచారాన్ని మళ్లీ పంపుతుంది. అందుకే హద్దు దాటినా బొమ్మ చెడదు, వేగం మాత్రం తగ్గుతుంది. మెమరీ మీట పెంచేకొద్దీ స్కోరు పెరగడం ఆగిందంటే హద్దు ఎప్పుడో దాటిపోయారన్నమాట. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ జంక్షన్ వేడి చూడండి. 110 డిగ్రీల దగ్గర కార్డే తన వేగం తగ్గించుకుంటుంది. అక్కడిదాకా రానివ్వకండి.

ఇంతకన్నా మేలైన దారి ఇంకొకటుంది, అండర్‌వోల్టింగ్. ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే వక్రరేఖను సవరించి, అదే వేగాన్ని తక్కువ వోల్టేజీకి రాబట్టడం. చిప్‌ను బట్టి ఫలితం మారుతుంది గానీ, చాలా కార్డులు వేగంలో నామమాత్రంగా తగ్గి, పదుల వాట్లు మిగులుస్తాయి. కార్డుకు పొడిగించిన ఆయువు అది.

ఫ్రేములకు హద్దు పెట్టండి. మానిటర్ 144 హెర్ట్జ్‌దైతే అంతకు మించి గీసిన ఫ్రేములు మీ కంటికి చేరవు. ఆ హద్దు మెనూలకూ వర్తించేలా డ్రైవర్‌లోనే పెట్టుకోవచ్చు.

చలిదేశపు సమీక్షకుల అంకెలు చూసి మన ఊళ్లో మీట కదపకండి. 22 డిగ్రీల గదిలో 70 చూపిన చిప్, మే నెల విజయవాడలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో అదే పనికి 86 దాకా ఎక్కుతుంది. గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో నిలిచిన ఓవర్‌క్లాక్ ఏప్రిల్‌లో నిలుస్తుందని నమ్మకండి. ఎండలు ముదరకముందే క్యాబినెట్ ఫిల్టర్లు దులిపి, అవే పరీక్షలు మళ్లీ చేయండి. తట్టుకోకపోతే ఇంకో మెట్టు దిగండి. దిగినందుకు మీరు పోగొట్టుకునేది సెకనుకు రెండు మూడు ఫ్రేములు. దిగకపోతే పోయేది కార్డు.