ఓడిపోయినవాళ్లు రాసిన సెక్షన్లు

సాయంత్రం ఆరు దాటాక మా ఇంటి ముందుగదిలో ఏడెనిమిది మంది అమ్మాయిలు చేరతారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదువుకుంటున్నవాళ్లు. పగలంతా కోర్టులో సీనియర్ల వెనక ఫైళ్లు పట్టుకుని తిరిగి, వాయిదాలు రాసుకుని, అలసిపోయి వస్తారు. చాలామంది జిల్లాలనుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. ఏళ్లతరబడి లా కాలేజీలో పాఠం చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలిన సంతోషం ఈ రెండు గంటలే.

వాళ్లలో ఒకమ్మాయి కేసులన్నీ అట్టముక్కల మీద రాసుకుంటుంది. ఒకవైపు కేసు పేరు, రెండోవైపు జవాబు. బస్సులో తిప్పుకుంటూ కంఠస్థం చేస్తుంది. ఒకరోజు వాళ్లు వెళ్లిపోయాక కుర్చీ కింద ఒక ముక్క కనిపించింది. ఒకవైపు ‘తుకారాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర, 1979’ అని ఉంది. తిప్పి చూశాను. ‘సమ్మతి. గాయాలు లేవు. నిర్దోషులు. తర్వాత 114ఎ.’ అంతే.

పరీక్షకి అది సరైన జవాబే. మార్కులు వస్తాయి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ముక్క తిరిగిస్తూ, “ఇందులో అమ్మాయి ఏదమ్మా?” అని అడిగాను. తను తెల్లబోయింది. “ఆమె పేరు ప్రశ్నల రాదు కద మేడమ్” అంది.

నిజమే, రాదు. తుకారాం అంటే ఆ కేసులో పోలీసు హెడ్ కానిస్టేబుల్. నిందితుడి పేరు లా పుస్తకాల్లో శాశ్వతంగా ఉండిపోయింది. ఆ పేరు వెనక ఉన్న అమ్మాయి చరిత్ర ఆ అట్టముక్కకి రెండువైపులా ఎక్కడా లేదు. ఆ చరిత్ర చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

క్రిమినల్ లా మొదటి పాఠం ఎవరు చెప్పినా ఒకటే. నేరానికి రెండు భాగాలు. చేసిన పని ఒకటి, చేసినవాడి మనసు రెండోది. ‘మెన్స్ రియా’ అంటాం. దొంగతనమైనా హత్యయినా కోర్టు నిందితుడి మనసులోకి తొంగిచూస్తుంది. తెలిసి చేశాడా, ఉద్దేశంతో చేశాడా అని వెతుకుతుంది. అత్యాచారం కేసుకి వచ్చేసరికి ఆ వెతుకులాట దారి మళ్లుతుంది. వెతికేది స్త్రీ మనసులో. ఆమె ఒప్పుకుందా లేదా? ఆ మనసు చదవడానికి కోర్టులు చాలాకాలం వాడిన అక్షరాలు ఆమె ఒంటిమీద గాయాలు, ఆమె పాత జీవితం, ఆమె కేక వేసిందా లేదా అన్నది. ఒక్కటి మాత్రం వాడలేదు. ఆమె చెప్పిన మాట.

మెకాలే నాయకత్వంలో లా కమిషన్ 1837లో ముసాయిదా తయారుచేసిన ఇండియన్ పీనల్ కోడ్ 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాంట్లో 375వ సెక్షన్ అత్యాచారాన్ని నిర్వచించింది. స్త్రీ ఇష్టానికి విరుద్ధంగా, ఆమె సమ్మతి లేకుండా, చంపుతామనో గాయపరుస్తామనో భయపెట్టి సమ్మతి తీసుకుని... ఇలా సాగుతుంది. సమ్మతి అంటే ఏమిటి? 90వ సెక్షన్ చూడమన్నారు. భయంవల్లో పొరపాటు అవగాహనవల్లో ఇచ్చింది సమ్మతి కాదని అది చెప్తుంది. ఏది సమ్మతి కాదో చెప్పారు గానీ, అత్యాచారం విషయంలో ఏది సమ్మతో చట్టం తన నోటితో చెప్పడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. ఆ ఖాళీని జడ్జీలు తమకి తెలిసిన లోకజ్ఞానంతో నింపుకున్నారు. ఆ లోకజ్ఞానం ఎవరిదో మనకి తెలుసు.

అదే సెక్షన్ చివర ఒక మినహాయింపు పెట్టారు. భార్య వయసు పదేళ్లకి తక్కువ కాకపోతే భర్త చేసేది అత్యాచారం కాదు. పదేళ్లు! కలకత్తాలో పదీ పదకొండేళ్ల పిల్ల ఫూల్‌మణి దాసి, భర్త బలవంతం వల్ల రక్తస్రావమై చనిపోయింది. ఆమె పదేళ్లు దాటింది కాబట్టి 1890లో ఆ భర్త మీద అత్యాచార నేరం నిలవలేదు. నిర్లక్ష్యంగా తీవ్రగాయం చేసినందుకు ఏడాది జైలు పడింది. మరుసటేడు, 1891లో, ఆ వయసుని పన్నెండుకి పెంచారు. పరాయి ప్రభుత్వం మన మతంలోకి, మన ఇళ్లలోకి చొరబడుతోందని తిలక్ వంటి నాయకులు దాన్ని గట్టిగా ఎదిరించారు. 1925లో పదమూడు, 1949లో పదిహేను. 2017లో సుప్రీంకోర్టు పద్దెనిమిది అంది. అంకె మారుతూ వచ్చింది. ఆ అంకె దాటిన భార్య సమ్మతి ప్రశ్న మాత్రం ఎప్పటిలాగే చట్టం బయట నిలబడి ఉంది.

ఇక ఆ అట్టముక్క కథ. 1972 మార్చి 26. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్. తల్లీతండ్రీ లేని ఆదివాసీ పిల్ల, అన్న దగ్గర ఉంటూ కూలి పనులకి వెళ్లేది. పద్నాలుగూ పదహారూ మధ్య వయసని డాక్టరు చెప్పారు. ఆమె ఒక అబ్బాయిని ఇష్టపడింది. చెల్లెల్ని ఎత్తుకుపోయారని అన్న ఫిర్యాదు చేస్తే, వాళ్లందరినీ స్టేషన్‌కి పిలిచి మాటలు రాసుకున్నారు. రాత్రి అందరినీ పంపేసి ఆమెని ఆగమన్నారు. అన్నావాళ్లూ బయట నిలబడి ఉండగానే లోపల దీపాలు ఆరిపోయాయి. ఒక కానిస్టేబుల్ తనపై అత్యాచారం చేశాడనీ, తాగి ఉన్న హెడ్ కానిస్టేబుల్ కూడా ప్రయత్నించాడనీ ఆ పిల్ల బయటికి వచ్చి చెప్పింది. చరిత్ర ఆమెని మథుర అని పిలుస్తుంది.

1974లో సెషన్స్ కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఆమెకి అంతకుముందే అలవాటుందని డాక్టరు పరీక్ష చెప్పింది కాబట్టి ఆమె మాట నమ్మదగింది కాదంది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి దాన్ని తిప్పికొట్టింది. భయంతో లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని విడదీసి చూపించి, ఇద్దరికీ శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. ఒంటిమీద గాయాల్లేవు, ప్రతిఘటించిన గుర్తుల్లేవు, బయట మనుషులుండగా కేక వెయ్యలేదు. చట్టంలో చెప్పిన చావుభయం గానీ దెబ్బలభయం గానీ రుజువు కాలేదు.

మన దగ్గర మౌనం అర్ధాంగీకారం అని ఒక సామెత ఉంది. ఆ సామెతైనా సగానికే ఒప్పుకుంది. కోర్టు పూర్తి అంగీకారం కింద రాసుకుంది. పద్నాలుగేళ్ల పిల్ల రాత్రిపూట పోలీస్ స్టేషన్‌లో ఎవర్ని పిలవాలి? పోలీసుల్నా?

అదే 1978 మన నగరానిది కూడా. మార్చి చివర్లో హైదరాబాదులో సినిమా చూసి రాత్రి భర్తతో ఇంటికి వెళ్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకున్నారు. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది. ఇదేమిటని అడిగిన భర్త అహ్మద్ హుస్సేన్, రిక్షా తొక్కి బతికే మనిషి, పోలీసుల దెబ్బలకి చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేశారు.

కమిషన్ ముందు ఏం జరిగిందో లా చదివే ప్రతి అమ్మాయీ తెలుసుకోవాలి. పోలీసుల తరపు ప్రయత్నమంతా రమీజాబీ వ్యభిచారి అని, అహ్మద్ హుస్సేన్‌కి సరైన భార్య కాదని చూపించడం మీదే నడిచింది. ఆమె పెళ్లిళ్ల లెక్కలు తీశారు. విచారణ పోలీసుల మీద అయితే బోనులో నిలబడింది ఆమె బతుకు. అయినా కమిషన్ పోలీసులే దోషులని తేల్చింది. తర్వాత క్రిమినల్ కేసు కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది. 1981లో అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ చెడ్డ సూత్రమని నేను అనడం లేదు. నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషి అన్న మాట లేకపోతే మొదట జైళ్లు నిండేది పేదవాళ్లతో, ఆదివాసీలతో, ప్రశ్నించేవాళ్లతో. ఆ సూత్రాన్ని మనం వదులుకోకూడదు. కానీ చట్టం అడిగేది సహేతుకమైన సందేహం. ఏ సందేహం సహేతుకం? కేక వెయ్యలేదు కాబట్టి ఒప్పుకుని ఉంటుందన్న సందేహం ఎవరి అనుభవంలోంచి వచ్చింది? ఆడదాని భయం ఎలా ఉంటుందో ఎరగని మనసుకి వచ్చిన సందేహాన్ని హేతువు అని పిలవడం దగ్గరే నా గొడవ.

1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ - నలుగురు లా అధ్యాపకులు - సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడాన్ని సమ్మతి అనడానికి వీల్లేదని చట్టం భాషలోనే నిలదీశారు. 1980లో దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అప్పటికే రమీజాబీ కేసుతో తలపడుతోంది. ఆ కదలికల ఫలితం 1983 సవరణ. కస్టడీలో జరిగే అత్యాచారానికి ప్రత్యేక శిక్ష వచ్చింది. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలన్నారు. బాధితురాలి పేరు అచ్చువెయ్యడం నేరమయింది. అప్పటికే ఈ ఇద్దరి పేర్లూ లోకమంతా పాకిపోయాయి. సాక్ష్య చట్టంలోకి 114ఎ వచ్చింది. కస్టడీ కేసుల్లో శారీరక సంబంధం జరిగినట్టు రుజువై, తను సమ్మతించలేదని స్త్రీ కోర్టులో చెప్తే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. సమ్మతి ఉందని చూపించాల్సిన బరువు రెండోవైపుకి మారింది.

ఆమె మాటకి మొదటిసారి చట్టంలో చోటు దొరికింది. మథురకి గానీ రమీజాబీకి గానీ అది అక్కరకి రాలేదు.

మిగతావి కూడా ఇలాగే ఒక్కొక్కటిగా వచ్చాయి. బాధితురాలు నడవడిక మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని దెబ్బతియ్యొచ్చనే 155(4) సాక్ష్య చట్టంలో 1872 నుంచీ ఉంది. 2002 సవరణతోగానీ పోలేదు. రెండు వేళ్ల పరీక్ష స్త్రీ గౌరవాన్ని భంగపరుస్తుందని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా ఆగకపోతే, ఆ పరీక్ష చేసేవాళ్లు దుష్ప్రవర్తనకి పాల్పడినట్టేనని 2022లో మళ్లీ చెప్పాల్సివచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో వచ్చిన సవరణ సమ్మతికి నిర్వచనం ఇచ్చింది. మాటతోనో సైగతోనో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపిన అంగీకారమే సమ్మతి. ఒంటితో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. ఈ రెండో వాక్యం చదివినప్పుడల్లా నాకు దేశాయిగంజ్ గుర్తొస్తుంది. నలభై ఒక్క ఏళ్ల తర్వాత చట్టం ఆ పిల్లకి ఇచ్చిన జవాబు అది.

చట్టం మారితే అంతా మారిందనుకోవద్దని మనకి చెప్పింది వాకపల్లి. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. విచారణ మొదలుకావడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సివచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ కోర్టే అంది. ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. సెక్షన్ ఎంత బాగా రాసినా, అది కోర్టు గుమ్మం ఎక్కేలోపు పోలీసుల చేతుల్లోంచి, ఆస్పత్రి చేతుల్లోంచి రావాలి. నేరం ఆ చేతుల మీదే మోపినప్పుడు ఏం మిగులుతుందో పదహారేళ్లు ఎదురుచూసిన ఆ స్త్రీలకి తెలుసు.

2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 375 పోయి 63 అయింది. 114ఎ కొత్త సాక్ష్య చట్టంలో 120 అయింది. మా అమ్మాయిలు పాత నంబర్లు మరిచిపోవడానికి, కొత్తవి ఎక్కించుకోవడానికి నానా అవస్థ పడుతున్నారు. నంబర్లన్నీ మారినా భర్తకి ఇచ్చిన మినహాయింపు మాత్రం భద్రంగా కొత్తింటికి వచ్చి చేరింది. దాన్ని తీసెయ్యమని 2013లోనే వర్మ కమిటీ చెప్పింది. 2022లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ చెప్పారు. విషయం సుప్రీంకోర్టుకి వెళ్లింది.

ఇదంతా మూడు సాయంత్రాలు చెప్పాను. సిలబస్ వెనకపడింది. చివర్లో ఒకమ్మాయి, “మరి వీళ్లందరూ ఓడిపోయినట్టేనా మేడమ్?” అని అడిగింది. కేసులు ఓడిపోయారని చెప్పాను. ఆ ఓడిపోయిన కేసుల్లోంచే మనం చదువుకునే సెక్షన్లు వచ్చాయని చెప్పాను. ఎవరో దయతలచి ఇచ్చినవి కావవి. రేపు మీలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి కేక ఎందుకు వెయ్యలేదని అడగబోయేముందు, ఆ ప్రశ్న ఇంతకుముందు ఎవర్ని అడిగారో గుర్తు తెచ్చుకోండన్నాను.

మొన్న ఆ అట్టముక్కల అమ్మాయి కొత్తగా రాసుకున్నవి చూపించింది. తుకారాం కేసు ముక్క మీద జవాబు కింద ఇంకో వరుస చేరింది: ‘మథుర. కూలిపిల్ల. చెప్పింది, నమ్మలేదు.’ దాని కింద ఇంకో ముక్క ఉంది. ఒకవైపు ‘భార్య సమ్మతి’ అని రాసి ఉంది. తిప్పి చూస్తే ఖాళీ. “ఇంక జవాబు రాలే కద మేడమ్, ఆపి పెట్టిన” అంది.