సైకిలు: పన్ను, దీపము, దారి ధర్మము

మన ఉంగుటూరు పెద్దబాట మీది ఊరు. ఉత్తరమున మెట్ట పొలములు, దక్షిణమున గోదావరి నీటితో పండు మాగాణులు, ఆవల కొల్లేటి లంకలు. విజ్జేశ్వరము వద్ద గోదావరిని విడిచి ఏలూరు చేరు కాలువయు, మద్రాసును కలకత్తాను కలుపు రాజమార్గమును ఈ ప్రాంతమునకు రెండు కన్నులు. కాలువపై పడవలు, బాటపై ఎడ్లబండ్లు సాగిన కాలమున దారి ధర్మము పెద్దల నోటనే యుండెను. ఎదురుబండికి తప్పుకొనుట, బరువుబండికి త్రోవ యిచ్చుట, చీకటిలో బండిక్రింద లాంతరు వ్రేలాడదీయుట ఎవరును పుస్తకము చూచి నేర్చినవి కావు. అట్టి బాటమీదికి సైకిలు వచ్చెను. అది బండియా, కాదా? దానిని తొక్కువానికి ఏ విధులు, ఏ హక్కులు? ఈ ప్రశ్నకు చట్టము చెప్పిన సమాధానముల చరిత్రను చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

1817లో జర్మనీ దేశీయుడైన కార్ల్ డ్రాయిస్ రెండు చక్రముల కొయ్యబండిని నడపెను. దానికి పెడలు లేదు. కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. 1860 తరువాత ఫ్రాన్సులో ముందు చక్రమునకు పెడళ్లు అమర్చిరి. వేగమునకై ఆ చక్రమును మనిషి ఎత్తు వరకు పెంచుకొనిపోగా, దానిపైనుండి పడినవారికి తలలు పగులుచుండెను. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములతో, గొలుసుతో నడచు సైకిలును తయారు చేసెను. దానికి 'సేఫ్టీ సైకిలు' అని పేరు వచ్చెను. 1888లో డన్లప్ సైకిలునకు పనికివచ్చు గాలి టైరును రూపొందించెను. నేడు మనము తొక్కునది ఆ బండి సంతతియే.

సైకిలు పుట్టిన కొలదికాలమునకే తగవు పుట్టెను. 1879లో ఒకడు సైకిలును మితిమీరిన వేగముతో తొక్కినాడని ఇంగ్లండులో అభియోగము రాగా, బండ్లకు వర్తించు చట్టము సైకిలునకు వర్తింపదని అతడు వాదించెను. న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చి, సైకిలు కూడ బండియే యని తీర్పు చెప్పెను. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టము ఆ మాటను స్థిరపరచి, రాత్రి దీపము వెలిగింపవలెననియు, మనుష్యులను దాటునప్పుడు గంట వినిపింపవలెననియు శాసించెను. పైకి ఇవి ఆంక్షలుగా తోచును. కాని బండి యని పిలిచినప్పుడే దానికి బాటపై స్థానము కూడ లభించినది. బాధ్యతయు హక్కును ఒకే దినమున పుట్టిన కవలలు.

మన దేశమున 1862లో అమలునకు వచ్చిన శిక్షాస్మృతి 279వ సెక్షను, ప్రాణాపాయము కలుగునట్లు బాటపై బండి నడుపుటను లేక స్వారి చేయుటను నేరముగా పరిగణించెను. అందు మోటారు అను మాట లేదు. కావున సైకిలువానికిని అది వర్తించెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో అదే నియమము 281వ సెక్షనుగా నున్నది. ఇక పన్ను మాట. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము బండ్లపై పన్ను వేయు అధికారమును పురపాలక సంఘముల కిచ్చెను. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము పంచాయతీలకును వాహనపు పన్ను వేయు అధికార మొసగెను. పన్ను కట్టినవాడు సైకిలునకు రేకుబిళ్ల తగిలించుకొని తిరిగిన దినములు మన పెద్దలకు జ్ఞాపకమే. బిళ్ల లేదనియు, దీపము లేదనియు, ఇద్దరెక్కిరనియు పట్టణపు వీథులలో పోలీసువారు ఆపుటయు, టైరులోని గాలి తీయుటయు ఆ తరమువారి కథలలో నేటికిని నవ్వు పుట్టించును.

మొదట సైకిలు సీమసరకు, కొందరికే అందుబాటు. స్వాతంత్ర్యానంతరము మద్రాసు వద్ద అంబత్తూరులో టి.ఐ. సైకిల్సువారు, సోనేపట్టులో అట్లాసువారు, ఆసన్సోలులో సేన్-రాలేవారు, 1956 నుండి లూధియానాలో హీరోవారు దేశములోనే సైకిళ్లు చేయుటతో అది సామాన్యుని సొత్తైనది. అద్దె సైకిళ్ల దుకాణములు వెలసెను. పాలబిందెలు, గడ్డిమోపులు, చేపల గంపలు, బియ్యపు మూటలు దానిపై నెక్కెను. ఇటీవలి కాలమున 'బడికొస్తా' పథకము క్రింద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లిచ్చిరి. సైకిలు ఆడపిల్లను చదువునకు దగ్గర చేసినదనుట అతిశయోక్తి కాదు.

అయితే సామాన్యుని బండి పెరుగుచున్న కాలముననే శాసనకర్తల చూపు మోటారు మీదికి మరలెను. 1914, 1939, 1988 సంవత్సరముల చట్టములన్నియు మోటారు వాహనముల చట్టములే. ఎడమవైపున పోవలెననియు, మలుపులలో నెమ్మదింపవలెననియు 1939 చట్టపు పదవ షెడ్యూలు విధించిన నియమములు మోటారు నడుపువారి నుద్దేశించినవి. లైసెన్సును సైకిలువానికి అక్కరలేదు, ఇది మేలే. కాని లైసెన్సు లేనిచోట బోధనయు లేకపోయెను. బాట నియమములను అతనికి చెప్పువారు లేరు. అతనికి బాటలో ప్రత్యేక స్థలమును లేదు. 2019 సవరణమునగాని, మోటారు కాని వాహనముల యొక్కయు పాదచారుల యొక్కయు రాకపోకలకు నియమములు చేయు అధికారము రాష్ట్రములకు స్పష్టముగా లభింపలేదు. 2020లో కేంద్ర ప్రభుత్వము సైకిళ్లకు అమర్చు, వెలుగును తిరిగి చిమ్ము బిళ్లల నాణ్యతపై ఉత్తర్వు వెలువరించినది.

ఈలోపల బాట మారిపోయెను. ఐదవ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలుగా విస్తరించి పదునారవ నంబరైనది. ఎడ్లబండి పోయినచోట లారీలు, బస్సులు మహావేగమున సాగుచున్నవి. ఊరొకవైపు, పొలమొకవైపు గలవానికి దినమునకు పలుమారులు ఆ ప్రవాహమును దాటుట తప్పదు. 2022లో దేశమున రహదారి ప్రమాదములందు మరణించినవారు 1,68,491 మంది. ఆ అంకె వెనుక ఇండ్లున్నవి, ఆ ఇండ్లలో చీకటి యున్నది. మోటారువాని పొరపాటునకు అతని చుట్టు ఇనుపగోడ యుండును. సైకిలువానికి ఒంటిమీది చొక్కాయే గోడ.

కావున పూర్వపు నియమములను వాని కారణములతో సహా మన పిల్లలకు నేర్పవలసి యున్నది. ఎడమ అంచున ఒకరి వెనుక నొకరు పోవలెను. ప్రక్కప్రక్కన కబుర్లాడుచు పోయినచో వెనుకబండికి చోటుండదు. మలుపునకు ముందు వెనుకకు చూచి చేయి చాపవలెను. మన మనసులోని మాట లారీవానికి తెలియదు. దీపము మనము చూచుటకే గాక, ఇతరులు మనలను చూచుటకు కూడ. కావున ముందు తెల్లని వెలుగు, వెనుక ఎఱ్ఱని బిళ్ల ఉండవలెను. తూకము చెడు బరువు ఎక్కింపరాదు, లారీని పట్టుకొని పోరాదు. ఈ రెంటిని 1968 నాటి వియన్నా అంతర్జాతీయ ఒప్పందము కూడ నిషేధించినది. రహదారి దాటునపుడు దిగి, ఇరువైపుల చూచి, సైకిలును నడిపించుకొని పోవలెను. బ్రేకులను వారమున కొకమారైనను పరీక్షించుకొనవలెను.

గ్రంథాలయమునకు పుస్తకములకై వచ్చు బాలురు వెలుపల సైకిళ్లు నిలిపి లోనికి వచ్చుచున్నారు. ఆ పిల్లలు చదువుకొని తిరిగి క్షేమముగా ఇల్లు చేరుట కూడ ఈ సంస్థకు సంబంధించిన విషయమే. చట్టము సైకిలును మొదట బండి యన్నది, పిదప పన్ను అడిగినది, తరువాత చాలకాలము మరచినది. ఆ మరపును పూరింపగల శక్తి ఊరి పెద్దలకును, ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును కలదు. బాట అందరిది, దాని ధర్మమును అందరము నిలుపుకొందము గాక.