విఱిగిన ఏరియలు



రేడియో మాటలను ఆలకించువారు ఆ మాటలను ఆకాశమునుండి దింపి తెచ్చు తీఁగను తలఁపరు. అది విఱిగిననాఁడుగాని దాని విలువ తెలియదు. మోటారుకారు ముందుభాగమున నిలువుగా నిలుచు సన్నని కమ్మియొక్క చరిత్రమును, అది త్రుప్పుపట్టి విఱిగినపుడు తీయు విధమును నేఁడు మీకు విన్నవించెదను.

జర్మనీదేశమున కార్ల్స్‌రూహె నగరమునందు హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుఁడు 1886 మొదలు 1888 వఱకు చేసిన పరీక్షలలో లోహపుకడ్డీలనుండి విద్యుత్తరంగములను వెడలించి, దూరముననున్న తీఁగచుట్టయందు చిన్న నిప్పురవ్వగా వానిని పట్టిచూపెను. ఏరియలునకు అదియే జన్మము. మన జగదీశచంద్రబోసుగారు 1897 జనవరిలో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభలో, గరాటువంటి నోటితో ఆ తరంగములను చేర్చి పట్టు పరికరమును ప్రదర్శించిరి. ఇటలీ దేశీయుఁడైన మార్కోనీ 1895లో తీఁగ కొన నొకదానిని ఎత్తున కట్టి, రెండవకొనను భూమికి తగిల్చి, మైలుకు పైగా వార్త పంపెను. ఎత్తైన తీఁగయు, దాని క్రింద భూమియు, ఈ రెండును కూడినప్పుడే ఏరియలు చక్కఁగా పనిచేయునను రహస్యమును ఆతఁడు పట్టెను.

ఏరియలు విఱుగుటయు నిన్న నేఁటి మాట కాదు. అట్లాంటిక్ మహాసముద్రమును దాఁటి వార్త పంపవలెనని మార్కోనీ ఇంగ్లండునందలి పోల్డూలో 20 స్తంభములను వలయముగా నాటించెను. ఒక్కొక్కటి 200 అడుగుల ఎత్తు. 1901 సెప్టెంబరులో పెనుగాలికి అన్నియు కూలెను. నవంబరులో అమెరికాతీరమునందలి స్తంభములును కూలెను. ఆతఁడు అధైర్యపడక పోల్డూలో రెండు స్తంభములతో క్రొత్త ఏరియలును కట్టించి, తాను న్యూఫౌండ్‌లాండు ద్వీపమునకు పోయి గాలిపటముతో సుమారు 500 అడుగుల తీఁగను పైకెత్తించెను. 1901 డిసెంబరు 12న, 2,000 మైళ్లకు పైఁబడిన దూరమునుండి మూఁడు చుక్కల సంకేతము తనకు వినవచ్చెనని చాటెను. కొందఱు పండితులు దానిని శంకించిరిగాని, సముద్రములమీఁదుగా వార్తలు నడచుట అనతికాలముననే నిశ్చయమాయెను.

ఇఁక కారు సంగతి. 1930లో అమెరికాయందు గాల్విన్ సోదరులు కారు రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. అప్పటి కార్లలో పెక్కింటి పైకప్పు నడుమ గుడ్డ యుండెడిది గనుక ఏరియలును అందే దాఁచెడివారు. 1935 ప్రాంతమున కప్పంతయు ఉక్కురేకుగా వచ్చుటతో ఆ ఉపాయము చెల్లదాయెను. లోహపుపెట్టె తరంగములను లోనికి రానీయదు గదా! కొందఱు కాలుమోపు మెట్టు క్రింద తీఁగను కట్టిచూచిరి. తుదకు కమ్మి వెలుపలికి వచ్చి నిలిచెను. ఎఫ్.ఎం. తరంగము పొడవు ఇంచుమించు 3 మీటర్లు. అందు నాల్గవవంతు, అనఁగా 75 సెంటీమీటర్ల కమ్మి దానికి చక్కఁగా సరిపడును. కారు ఉక్కుశరీరమే మార్కోనీ భూమికి బదులుగా నుండును.

వెలుపల నిలిచినదానికి వాన తప్పదు, వానతో త్రుప్పు తప్పదు. త్రుప్పు ఇనుమును తినుటయే గాక, తినినదానికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే మరచుట్లు బిగిసిపోవును.

మా యూర ఒక పనివాఁడు పాతకారునుండి విఱిగిన ఏరియలును తీయుచుండఁగా నేను చూచితిని. మొదట బ్యాటరీ తీఁగను విడఁదీసెను. తీఁగకుంచెతో త్రుప్పు రాల్చి, మరలోనికి పలుచని నూనె దిగవిడిచి ఒక రాత్రి నాననిచ్చెను. కారు యజమాని “సుత్తితో ఒక్క దెబ్బ వేయరాదా?” అని తొందరపడఁగా, “కొట్టితే కమ్మితోపాటు రేకు కూడా చిరుగుతుందండీ” అని నవ్వెను. మఱునాఁడు మొండెమును పట్టుకారుతో పట్టి, ఎడమకు కొంచెము, కుడికి కొంచెము కదల్చుచు, నడుమనడుమ నూనె వేయుచు, తుదకు చెక్కు చెదరకుండ వెలికిఁ దీసెను. రేకుమట్టమునకు తెగినచో, మొండెము నడుమ బరమాతో తొలిచి, ఎడమచుట్టు మేకును దింపి త్రిప్పవలెనని చెప్పెను. పిమ్మట రంధ్రము అంచును లోహము మెఱయువఱకు తోమెను. అచ్చట త్రుప్పు మిగిలినచో ఏరియలు మొదలునకు కారుశరీరముతో పొత్తు కుదరదు, రేడియో బుసకొట్టును. క్రొత్త కమ్మి క్రింద నీరు దిగకుండ రబ్బరు వాషరు వేసి బిగించెను.

ఇంత చిన్నపనికి ఇంత శ్రమ యేల యందురా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై పడినపుడు విద్యుత్తు పోయెను, ఫోనులు మూగవోయెను. అట్టి వేళ కారు రేడియో తన బ్యాటరీతోనే పలుకఁగలదు, ఏరియలు సరిగా నున్నయెడల. కావున తీరగ్రామములందలి పెద్దలు ఆశ్వయుజ మాసమునకు ముందే ఊరిలోని కార్ల ఏరియళ్లను ఒకమాఱు చూపించుకొనుఁడని మనవి.