లీటరు పెట్రోలుకు యెంత నూనె?



బండి కట్టేముందు ఇరుసుకు కందెన పెట్టాలని మన తాతలు నేర్పారు. ఆముదమూ మసీ కలిపి రాసేవారు. కందెన ఆరితే బండి కిర్రుమని ముందే చెబుతుంది. మందు కొట్టే పవర్ స్ప్రేయరు, గడ్డికోత యంత్రం, చెట్లు కోసే మోటారు రంపం అలా చెప్పవు. బాగా నడుస్తున్నట్టే వుండి, ఒక్కసారిగా పట్టేస్తాయి. పురుగు పడ్డ రోజునే స్ప్రేయరు పట్టేస్తే నష్టం యెవరిది? మనదే గదా! అందుకని యీ పూట ఆ యంత్రాల కందెన కథ చెప్పుకుందాం.

1891 ప్రాంతంలో ఇంగ్లండులో జోసెఫ్ డే అనే ఆయన ఒక తేలిక ఇంజను తయారుచేశాడు. అందులో పెట్రోలు ఆవిరి ముందు క్రాంకు గదిలోకి దిగి, అక్కడినుంచి సిలిండరులోకి యెక్కుతుంది. భాగాలు తక్కువ, బరువూ తక్కువ. భుజాన వేసుకొని తిరిగే స్ప్రేయరు మనకు దక్కింది యీ టూ స్ట్రోకు పద్ధతి మూలానే. అయితే ఒక చిక్కు వుంది. పెద్ద ఇంజన్లలో అడుగున నూనె నిలవ వుంటుంది. ఆవిరి తిరిగే గదిలో నూనె నిలవ వుంచడం కుదరదు. మొదట్లో నూనెను విడిగా బొట్లుబొట్లుగా వేసేవారు. తరువాత పెట్రోలులోనే కలిపి పోయడం అలవాటయింది. అంటే మేతా కందెనా ఒకే తొట్టిలో అన్నమాట. ఆ నూనె పని చేసి, పెట్రోలుతోపాటే కాలిపోతుంది. అందువల్ల ప్రతి విడతా మళ్లీ కలపాలి.

మన ఆముదం అక్కడికీ వెళ్లింది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీ ఆముదం కలిపిన ఇంజను నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదం వేడికి బాగా నిలుస్తుంది. కాని పెట్రోలులో సరిగ్గా కలవదు, కాలితే జిగురు కడుతుంది. అందుచేత పెట్రోలులో కలపడానికి ఖనిజ నూనే వాడుకలోకి వచ్చింది.

1952లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరవాసి మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్, ఇంటి పచ్చిక కోయడానికి విక్టా అనే యంత్రం చేశాడు. విల్లియర్స్ టూ స్ట్రోకు ఇంజను, ట్యాంకుగా పీచ్ పండ్ల డబ్బా! ఆ కాలపు విల్లియర్స్ ఇంజన్లు చాలావాటికి గాలను పెట్రోలుకు అర పైంటు నూనె, అంటే 16 పాళ్లకు ఒక పాలు. మన లెక్కలో లీటరుకు 60 మిల్లీలీటర్ల పైమాటే.

ఆ 16 క్రమంగా 25 అయింది, 32 అయింది, నేడు చాలా యంత్రాలకు 50 అయింది. యెందుకు? ఇత్తడి బుష్షుల చోట సూది బేరింగులు వచ్చాయి. వాటికి కొద్ది నూనె చాలు. నూనే మారింది. టూ స్ట్రోకుకు ప్రత్యేకంగా బూడిద తక్కువ మిగిల్చే నూనెలు తయారయ్యాయి. జర్మనీ వారి స్టిల్ కంపెనీ తన నూనెకు 50, బయటి టి.సి. నూనెకు 25 అని పుస్తకాలలో రాసేది. యంత్రం ఒకటే, నూనెను బట్టి లెక్క వేరు!

కాబట్టి పొరుగువారి కొలత మీ యంత్రానికి చెల్లదు. పాత యంత్రానికి 50 లెక్కన పోస్తే పిస్టను గీరుకొని పట్టేస్తుంది. కొత్తదానికి 16 లెక్కన పోస్తే ప్లగ్గు తడిసి, సైలెన్సరులో మసి పేరుకొని, పొగ కమ్ముతుంది. నూనె యెక్కువైతే మేలేననే భ్రమ వల్ల కూడా మన పట్టణాల్లో స్కూటర్లు, ఆటోలు పొగ చిమ్మాయి. ఢిల్లీలో టూ స్ట్రోకు బండ్లకు ముందే నూనె కలిపిన పెట్రోలు మాత్రమే పోయాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

లెక్క జ్ఞాపకం పెట్టుకోండి: లీటరు పెట్రోలుకు, 50 అంటే 20 మిల్లీలీటర్లు, 32 అంటే సుమారు 31, 25 అంటే 40. మీ యంత్రానిది యేదో ట్యాంకు మూత మీదా, పుస్తకంలోనూ చూడండి. డబ్బా మీద టూ స్ట్రోకు నూనె అని వుండాలి. మోటారు సైకిలు ఇంజను ఆయిలు పనికిరాదు. మూతతో ఉజ్జాయింపుగా పోయవద్దు, కొలపాత్ర వాడండి. వేరే డబ్బాలో సగం పెట్రోలు పోసి, నూనెంతా వేసి, బాగా కుదిపి, మిగతా పెట్రోలు కలపండి. దగ్గర బీడీ వెలిగించకండి సుమా! కలిపినది నెలకు మించి వుంచవద్దు; ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది. డబ్బా మీద కొలతా తేదీ రాసి పెట్టుకోండి.

బండి ఇరుసుకు చూపిన శ్రద్ధే దీనికీ చూపితే, అదను దాటకుండా మందు కొట్టుకోవచ్చు.