నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు

సియాటిల్‌లో ఉద్యోగంలో చేరిన మూడో వారం. పక్క గదిలో ఇద్దరు నా గురించి మాట్లాడుకోవడం చెవిన పడింది. "తెలివైనవాడే, కానీ ఇంకా గ్రీన్" అన్నాడు ఒకాయన. తిట్టు కాదని తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుంటూరులో ఐదేళ్లు కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి, సముద్రం దాటేసరికి మళ్లీ పచ్చికాయనయ్యాను.

ఆ తర్వాత ఇలాంటి మాటల వెంట పడ్డాను. అనుభవం లేనివాళ్లకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లో! అప్పుడప్పుడే కొమ్ములొస్తున్న కోడె నుంచి పుట్టింది గ్రీన్‌హార్న్. సియాటిల్ రేవు నుంచి అలాస్కా వైపు చేపలకూ పీతలకూ వెళ్లే పడవల్లో, మొదటిసారి ఎక్కిన కూలీని ఈనాటికీ అలాగే పిలుస్తారు. వాడికి వాటా కూడా తక్కువే. గనుల్లోకీ, పశువుల మందల వెంటా కొత్తగా వచ్చి కాళ్లు బొబ్బలెక్కినవాడు టెండర్‌ఫుట్. ఇక చెవుల వెనక తడి ఆరనివాడు అని ఇంకొకటుంది. అప్పుడే పుట్టిన దూడకు ఒళ్లంతా ఆరినా చెవుల వెనక తడి మాత్రం చివరికిగాని ఆరదంటారు. ఇది విన్నప్పుడు ప్రాణం లేచి వచ్చింది. మన ముక్కుపచ్చలారని పసివాడు వీడే కదా! వాళ్లు చెవి దగ్గర చూశారు, మనం ముక్కు దగ్గర చూశాం.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన మాట ఇంగ్లీషుది కాదు. చీచాకో.

ఈ పసిఫిక్ తీరంలో రకరకాల ఆదివాసీ తెగలవాళ్లూ, బొచ్చుతోళ్ల వ్యాపారులూ బేరాలాడుకోవడానికి వాడిన కలగలుపు భాష ఒకటుండేది. పేరు చినూక్ జార్గన్. ఉన్నవి కొన్ని వందల మాటలే. చినూక్, నూట్కా, ఫ్రెంచి, ఇంగ్లీషు అన్నీ అందులో కలిశాయి. మా వాషింగ్టన్ రాష్ట్రపు నినాదం 'ఆల్‌కై' ఆ భాషదే. 'ఎప్పటికైనా' అని అర్థం. 1851 నవంబరులో ఈ ఊరు కట్టిన తెల్ల కుటుంబాలు దిగిన ఒడ్డుకూ అదే పేరు. ఆ భాషలో 'చీ' అంటే కొత్త, 'చాకో' అంటే రావడం. కొత్తగా వచ్చినవాడు, అంతే. పచ్చివాడనలేదు, తడి ఆరలేదనలేదు.

ఆ మాట వేలమంది మీద పడింది బంగారం వేటలో. 1896 ఆగస్టులో కెనడాలోని యూకాన్‌లో, క్లోండైక్ నదిలో కలిసే ఒక వాగులో బంగారం బయటపడింది. 1897 జూలై 17న 'పోర్ట్‌లాండ్' అనే ఓడ ఆ బంగారంతో సియాటిల్ రేవుకొచ్చింది. టన్ను బంగారమని పత్రికలు రాశాయి. ఊరి మేయరే పదవి వదిలేసి బయల్దేరాడు. మొత్తం లక్షమంది దాకా ఇల్లు విడిచారనీ, అక్కడి డాసన్ పట్నం చేరింది 30, 40 వేలమందేననీ అంచనా. ఏడాదికి సరిపడా తిండీ సామానూ ఉంటేగాని కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కారు. అదంతా దాదాపు టన్ను బరువు. చిల్కూట్ కనుమ మీద మంచులో చెక్కిన మెట్లెక్కి, విడతలు విడతలుగా ఆ బరువును వీపుల మీద మోశారు. ఆ సామాను అమ్మి సియాటిల్ బాగుపడింది. పయనీర్ స్క్వేర్‌లో ఆ కథంతా చెప్పే మ్యూజియం ఉంది. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

కొత్తవాళ్లు తీరా డాసన్ చేరేసరికి మంచి వాగులన్నీ పాతకాపులు పంచుకున్నారు. బంగారం వాగు అడుగునే ఉంటుందని వాళ్ల నమ్మకం. కొత్తవాళ్లు గట్టెక్కి కొండవాలున తవ్వుతుంటే నవ్వారు. అక్కడే ఏనాటిదో పాత నదీగర్భం, నిండా బంగారంతో బయటపడింది. ఆ కొండను ఇప్పటికీ చీచాకో హిల్ అనే అంటారు.

ఒక్క చలికాలం గడిస్తేగాని కొత్తవాడికి చీచాకో అనే పేరు పోదు. నది గడ్డకట్టడం చూడాలి, ఎండలొచ్చి ఆ గడ్డ పగలడమూ చూడాలి. అప్పుడతను సావర్‌డో, అంటే పులిసిన పిండి. రొట్టె పొంగడానికి పాత పిండి ముద్ద దాచుకుని, చలికి చచ్చిపోకుండా ఒంటికి ఆనించుకుని తిరిగేవారట. మనం దీన్ని తోడు అంటాం. నా మొదటి చలికాలంలో విజయవాడ అక్క ఒకావిడ చిన్న గిన్నెలో రెండు చెంచాల పెరుగిచ్చి, "తమ్ముడూ, ఈ చలికి పాలు తోడుకోవు. ఓవెన్‌లో దీపం వేసి పెట్టు" అంది. మర్నాటి గడ్డపెరుగు చూసి ఎంత సేపు కూర్చున్నానో.

ఇంత చెప్పి అసలు సంగతి చెప్పకపోతే తప్పు. వచ్చినవాళ్లకు పేరు పెట్టిన భాష ఇక్కడివాళ్లది. వచ్చినవాళ్లు ఆ పేరు కూడా తీసుకుని, ఒకరినొకరు పిలుచుకుంటూ, ఇక్కడివాళ్లను బయటికి నెట్టారు. ఒక ఆదివాసీ పెద్ద పేరు పెట్టుకున్న ఈ సియాటిల్, 1865లో ఆదివాసీలు ఊళ్లో నివాసముండరాదని చట్టం చేసింది. క్లోండైక్ అనేది 'ట్రోండెక్' పలకలేక మార్చుకున్న పేరు. ఆ నది మొగలో చేపలు పట్టుకునే హాన్ ప్రజలకు బంగారం జనం మధ్య చోటు లేకపోయింది. వాళ్ల పెద్ద చీఫ్ ఐజాక్ తనవాళ్లను నది దిగువన మూస్‌హైడ్‌కు తరలించాడు. ఈ రద్దీలో తమ పాటలు మిగలవని భయపడి, వాటిని అలాస్కాలోని బంధువులకు అప్పగించి దాచమన్నాడు.

దశాబ్దాల తర్వాత ఆ పాటలు తిరిగొచ్చాయి. ఇప్పుడు రెండేళ్లకోసారి వేసవిలో మూస్‌హైడ్‌లో అందరూ కూడి పాడుకుంటారు, ఆడతారు. బయటివాళ్లు కూడా రావచ్చు. డాసన్ నుంచి పడవ మీద తీసుకెళ్తారు.